క్లైవ్ విగ్రహం కింద బందరు పేరు

బందరు రోడ్డు మీద రోజూ తిరిగే మనిషిని నేను. బ్యాంకుకు వెళ్లాలన్నా, బస్సెక్కాలన్నా, చీరకు ఫాల్ కుట్టించాలన్నా ఆ రోడ్డెక్కాల్సిందే. కాగితాల మీద అది మహాత్మాగాంధీ రోడ్డు. ఆటో అతనికి అలా చెబితే ఓ క్షణం మన ముఖంలోకి చూస్తాడు. బందరు పోయే రోడ్డు కాబట్టి బందరు రోడ్డు, అంతే. ఆ రోడ్డు చివరనున్న ఊళ్లో 1759 ఏప్రిల్‌లో ఏం జరిగిందో, దానికీ మా బెజవాడకీ ఏం సంబంధమో ముప్పై రెండేళ్లు సోషల్ పాఠాలు చెప్పిన నేను ఒక్క తరగతికి కూడా సరిగ్గా చెప్పలేదు. ఆ సంగతి నాకు తట్టింది ఇంగ్లండులో ఒక చిన్న ఊళ్లో, ఒక కంచు విగ్రహం ముందు నిలబడ్డప్పుడు.

2019 వేసవిలో అమ్మాయి దగ్గరికి వెళ్లాను. వాళ్లు బర్మింగ్‌హామ్‌లో ఉంటారు. ఒక శనివారం పొద్దున్నే అల్లుడుగారు, "అత్తయ్యగారూ, మీకు చరిత్ర అంటే ఇష్టం కదా, ష్రూస్‌బరీ వెళ్దాం రండి, డార్విన్ పుట్టిన ఊరు" అన్నారు. రైల్లో గంట ప్రయాణం. సెవెర్న్ నది ఆ ఊరిని దాదాపు పూర్తిగా చుట్టేసి మెలిక తిరిగి పోతుంది. నది ఒడ్డున పుట్టి పెరిగినదాన్ని కాబట్టి నాకు ఊరు చూడగానే నచ్చింది. లైబ్రరీ ముందు కుర్చీలో కూర్చున్న డార్విన్ విగ్రహం చూశాం. అక్కణ్ణుంచి నడుచుకుంటూ ఊరి నడిబొడ్డున ఉన్న చౌక్‌లోకి వచ్చాం. 1596లో కట్టిన రాతి మార్కెట్ భవనం ఉంది అక్కడ. దాని ముందు ఎత్తైన దిమ్మె మీద ఒక సైనికాధికారి విగ్రహం. దిమ్మె కింద మెట్ల మీద ఇద్దరు ఆడపిల్లలు కూర్చుని చిప్స్ తింటున్నారు. వాళ్ల మధ్యలోంచి తల దూర్చి మా మనవరాలు పేరు కూడబలుక్కుంది. ఎనిమిదేళ్లది అప్పటికి.

"అమ్మమ్మా, క్లైవ్ అంటే ఎవరు?"

మన దేశంలో ఇంగ్లిష్ వాళ్ల పెత్తనానికి పునాది వేసినాయన అని చెప్పాను. ప్లాసీ యుద్ధం, సిరాజుద్దౌలా, మీర్ జాఫర్, అన్నీ నోటికొచ్చిన పాఠమే కదా. అది అంతా విని, "విజయవాడకి కూడా వచ్చాడా?" అని అడిగింది. "లేదమ్మా, బెంగాల్‌లో, మద్రాసు వైపు" అన్నాను. దానికి ఆ జవాబు సరిపోయింది. నాకు సరిపోలేదు. రైల్లో తిరిగొస్తున్నంతసేపూ ఎక్కడో ముల్లు గుచ్చుకున్నట్టే ఉంది. తెలిసిన విషయమేదో సగం చెప్పి వదిలేశానన్న బాధ అది.

క్లైవ్ బెజవాడ రాలేదు, నిజమే. ఆయన పంపిన సైన్యం మాత్రం మా జిల్లాలోకి వచ్చింది. ఆయన రాయించుకున్న కాగితం మా ఊరి తలరాతనే మార్చింది.

ఆ కథ బొబ్బిలి దగ్గర మొదలవుతుంది. 1757 జనవరిలో ఫ్రెంచి బుస్సీ ఫిరంగుల అండతో విజయనగరం విజయరామరాజు బొబ్బిలి కోటను పడగొట్టడం, ఆ తర్వాత తాండ్ర పాపారాయుడు విజయరామరాజును గుడారంలోనే పొడిచి చంపడం మనందరికీ బుర్రకథల్లో విన్న సంగతే. బుర్రకథ అక్కడ ఆగిపోతుంది. చరిత్ర ఆగలేదు. విజయరామరాజు తర్వాత గద్దెనెక్కిన ఆనందరాజుకు ఫ్రెంచివాళ్లతో చెడింది. 1758లో విశాఖపట్నాన్ని ఫ్రెంచివాళ్ల చేతుల్లోంచి లాక్కుని, దాన్ని మీకిస్తాను, సైన్యం పంపండి అని ఇంగ్లిష్ వాళ్లకు కబురు పెట్టాడు. మద్రాసు వాళ్లు మా పరిస్థితే బాగాలేదన్నారు. కలకత్తాలో క్లైవ్ మాత్రం, కౌన్సిల్ వాళ్లు వద్దంటున్నా వినకుండా, కర్నల్ ఫోర్డ్ చేతికి సైన్యాన్నిచ్చి ఓడల్లో పంపాడు. ఆ డిసెంబరులో పిఠాపురం దగ్గర చందుర్తిలో ఫ్రెంచి సైన్యం ఓడిపోయి బందరు కోటకు పారిపోయింది. ఫోర్డ్ రాజమండ్రి, ఏలూరు మీదుగా వెంటపడి బందరు ముందు దిగాడు.

ఇక్కడే మా ఊరు కథలోకి వస్తుంది. ఫ్రెంచివాళ్ల పక్షాన నిజాం సలాబత్ జంగ్ పెద్ద సైన్యంతో బెజవాడ దాకా వచ్చి ఉన్నాడు. ఫోర్డ్ దగ్గర మందుగుండు రెండు రోజులకు మించి లేదు. ముందు కోట, వెనక నిజాం సైన్యం. వెనక్కి తగ్గకుండా ఏప్రిల్ 7 రాత్రి దాడికి దిగాడు. కోట చుట్టూ చిత్తడి నేల. ఆ చిత్తడి వైపు నుంచి ఒక దళం దృష్టి మళ్లిస్తుంటే అసలు దాడి మరో వైపు నుంచి జరిగింది. తెల్లారేసరికి కోట ఇంగ్లిష్ వాళ్లది. దాడి చేసినవాళ్ల కంటే లొంగిపోయినవాళ్ల సంఖ్యే ఎక్కువ. సలాబత్ జంగ్ మే నెలలో సంధి చేసుకుని మచిలీపట్నం, నిజాంపట్నం చుట్టుపక్కల సీమను కంపెనీకి రాసిచ్చాడు. ఫ్రెంచివాళ్లను తన రాజ్యం నుంచి పంపేస్తానని ఒప్పుకున్నాడు.

తర్వాత 1765 ఆగస్టు 12. బెంగాల్, బీహార్, ఒరిస్సా దివానీని, అంటే శిస్తు వసూలు హక్కును, మొగల్ చక్రవర్తి షా ఆలం నుంచి క్లైవ్ రాయించుకున్న రోజు. ఇది ప్రతి పాఠ్యపుస్తకంలో ఉంటుంది. అదే రోజు, అదే చేత్తో ఉత్తర సర్కారులకు కూడా ఫర్మానా పుచ్చుకున్నాడు. శ్రీకాకుళం, రాజమండ్రి, ఏలూరు, కొండపల్లి, గుంటూరు. ఐదు సర్కారులు. మా బెజవాడ కొండపల్లి సర్కారులోది. అప్పటికి ఈ సీమ నిజాం పాలనలో ఉంది. నిజామును అడిగినవాళ్లు లేరు. ఇక్కడ నాగలి పట్టినవాణ్ణి అడగాలన్న ఊహే ఎవరికీ లేదు. మరుసటి ఏడు జనరల్ కైలాడ్ వచ్చి కొండపల్లి కోట పట్టుకున్నాడు. 1766 నవంబరులో హైదరాబాదులో సంధి కుదిరింది. ఆ సంధి నడిపిన మధ్యవర్తి మన తెలుగాయనే, కాండ్రేగుల జోగిపంతులు. పిలిచిన ఆనందరాజూ మనవాడే. అది దాచిపెట్టి మాట్లాడటం నాకిష్టం లేదు. మనవాళ్ల చెయ్యి ఉన్నంత మాత్రాన జరిగింది న్యాయమైపోదు కూడా.

గుంటూరు ఒక్కటి నిజాం సోదరుడు బసాలత్ జంగ్ జాగీరుగా మిగిలి, 1788లో కంపెనీ చేతికొచ్చింది. నలభై నాలుగేళ్లు తిరిగేసరికి నందన నామ సంవత్సరం కరువు. డొక్కల కరువు అని మా నాయనమ్మ అనేది, వాళ్ల నాయనమ్మ దగ్గర విన్న మాట. 1832, 33ల్లో గుంటూరు జిల్లా జనాభాలో మూడో వంతుకు పైగా పోయారు. పక్కనే కృష్ణ పారుతోంది. దాన్ని పొలానికి మళ్లించే పని అప్పటికి కంపెనీ చేపట్టలేదు, శిస్తు వసూలు మాత్రం ఆగలేదు. ఈ కరువును క్లైవ్ నెత్తిన పెట్టడం నా ఉద్దేశం కాదు. ఆయన చనిపోయి అప్పటికి దాదాపు అరవై ఏళ్లు. కానీ ఒక వ్యాపార కంపెనీకి మన పొలాల మీద హక్కు ఎలా వచ్చిందని తవ్వుకుంటూ పోతే ఆ 1765 కాగితం దగ్గర ఆగుతాం. సర్కారు జిల్లాలు అని ఇవాళ్టికీ అంటాం. సర్కార్ ఎక్స్‌ప్రెస్ మా స్టేషన్‌లో ఆగుతుంది. ఆ పేరున్న సీమ ఏ రోజు, ఎవరి సంతకంతో చేతులు మారిందో మాత్రం మాకు తెలియదు.

సరే, ఆ విగ్రహం సంగతికొస్తాను.

క్లైవ్ ష్రూస్‌బరీకి పరాయివాడు కాదు. ఆ జిల్లాలోనే మార్కెట్ డ్రేటన్ దగ్గర పుట్టాడు. 1761 నుంచి చనిపోయేదాకా ష్రూస్‌బరీ తరఫున పార్లమెంటు సభ్యుడు. 1762లో ఆ ఊరికి మేయర్. మా ఊరివాడు, మేం పెట్టుకున్నాం అని వాళ్లంటే అందులో నిజముంది. కాకపోతే ఆయన బతికున్న రోజుల్లో సొంత దేశంలోనే ఆయనకున్న పేరు వేరు. ఇండియాలో దోచుకొచ్చిన డబ్బుతో జమీందార్లైపోయినవాళ్లను నవాబులంటూ ఈసడించుకునేవారు అక్కడ. ఆ నవాబుల్లో మొదటివాడు ఈయన. ప్లాసీ తర్వాత మీర్ జాఫర్ ఖజానా నుంచి రెండు లక్షల ముప్పై వేల పౌన్లకు పైగా తన సొంతానికి పుచ్చుకున్నాడు. దాని మీద పార్లమెంటు విచారణ పెడితే, ఆ బంగారం, రత్నాల రాశుల మధ్య నడిచి అంతతో సరిపెట్టుకున్నందుకు నా నిగ్రహానికి నాకే ఆశ్చర్యంగా ఉందని జవాబిచ్చాడు. 1774లో లండన్‌లో చనిపోయాడు. మోర్టన్ సే అనే పల్లెలో, సొంత ఊరి చర్చిలో పూడ్చిపెట్టారు. సమాధి ఎక్కడో తెలిసేలా గుర్తు కూడా పెట్టలేదు.

నాకు ముఖ్యమైన విషయం ఇదే. ఆ ఊళ్లో ఆయన్ను తెలిసినవాళ్లు, చూసినవాళ్లు, ఆయన చేతి సాయం పొందినవాళ్లు అక్కడ ఆయనకు విగ్రహం పెట్టలేదు. ష్రూస్‌బరీ చౌక్‌లోని ఆ కంచు విగ్రహం మరోకెట్టి అనే శిల్పి చేసింది, నిలబెట్టింది 1860లో. అంటే ఆయన పోయిన ఎనభై ఆరేళ్లకి. 1860 అంటే ఏమిటి? 1857 తిరుగుబాటును ఫిరంగి గొట్టాలకు కట్టి పేల్చి అణిచేసిన మూడేళ్లకి. కంపెనీ పోయి రాణి పాలన వచ్చిన రెండేళ్లకి. ఇండియా మాది, మా చేతిలోంచి జారిపోలేదు అని గట్టిగా చెప్పుకోవాల్సిన అవసరం వచ్చినప్పుడు క్లైవ్ మళ్లీ గుర్తొచ్చాడు. ఊరి పెద్దాయన మీద అభిమానమే కారణమైతే ఎనభై ఆరేళ్లు ఆగేవారు కాదు.

అందుకే విగ్రహాల గొడవ వచ్చినప్పుడు నేను ముందు చూసేది ఆ మనిషి పుట్టిన సంవత్సరం కాదు, విగ్రహం నిలబెట్టిన సంవత్సరం. అప్పుడు ఆ ఊళ్లో ఏం జరుగుతోంది, డబ్బు ఎవరు పెట్టారు, ఎవరికి చూపించాలని పెట్టారు. మా బెజవాడలో ఏ సెంటర్‌కు వెళ్లినా విగ్రహమే. దండలు, నిచ్చెనలు, పాలాభిషేకాలు, ఎన్నికల కోడ్ వస్తే ముసుగులు. అందులో చాలావాటికి ఇదే లెక్క వేసి చూస్తే ఆ మనిషి కంటే ఆ ఏడాది రాజకీయమే ఎక్కువ కనిపిస్తుంది. చూస్తూ పెరిగినవాళ్లం, ఈ సంగతి మనకి ఒకరు చెప్పక్కర్లేదు.

తెల్లవాడు, సైనికుడు అనగానే పడగొట్టమనే మనిషిని కాదు నేను. మా జిల్లాల్లో ఊరూరా విగ్రహాలున్న తెల్లవాడు ఆర్థర్ కాటన్. ఆయనా కంపెనీ సైన్యంలో ఇంజనీరే. బర్మా యుద్ధంలో పోరాడి, జనరల్ హోదా దాకా వెళ్లినవాడే. గోదావరి జిల్లాల్లో పురోహితులు స్నాన సంకల్పంలో ఆయన పేరు తలుస్తారు. ధవళేశ్వరం ఆనకట్ట 1852కి పూర్తయింది. ఆయన ప్రోద్బలంతోనే మా కృష్ణ మీద కెప్టెన్ ఆర్ 1852లో మొదలుపెట్టి 1855కి ఆనకట్ట పూర్తి చేశాడు. డొక్కల కరువు చూసిన సీమ అన్నం తినడం అప్పుడు మొదలైంది. కాటన్ విగ్రహాలు పెట్టినవాళ్లు ఆ నీళ్లు తాగినవాళ్లు, ఆ మట్టిలో నారు నాటినవాళ్లు. తెల్లవాళ్లు వెళ్లిపోయాక కూడా, ఎవరూ బలవంతం చేయకుండా, చందాలేసుకుని పెట్టినవి. ఆ కాలువల వల్ల కంపెనీకి శిస్తు పెరిగిందనీ, అందుకే డబ్బులిచ్చారనీ నాకూ తెలుసు. అయినా ఆ దండ వేసే రైతు చెయ్యి అబద్ధం కాదు.

ఇంకో విగ్రహం కథ కూడా మనదే, మద్రాసులోది. కర్నల్ నీల్. మద్రాసు ఫ్యూజిలియర్స్ దళంతో 1857లో కాశీ, అలహాబాదుల మీదికి వెళ్లి దారి పొడుగునా ఉరికొయ్యలు పాతించినవాడు. కాన్పూరులో ఖైదీల చేత నెత్తురు నాకించి మరీ ఉరి తీయించినవాడు. లక్నోలో తూటా తగిలి చచ్చిపోతే మౌంట్ రోడ్డులో విగ్రహం పెట్టారు. 1927లో దాన్ని తీసేయాలని సత్యాగ్రహం జరిగింది. కుర్రాళ్లు సుత్తులు, గొడ్డళ్లు పట్టుకెళ్లి విగ్రహాన్ని కొట్టి, పారిపోకుండా నిలబడి, జైలుకు వెళ్లారు. పదేళ్లకు, 1937లో, మద్రాసులో కాంగ్రెస్ మంత్రివర్గం వచ్చింది. రాజాజీ ప్రధాని, అంటే ఇప్పటి లెక్కలో ముఖ్యమంత్రి, మన ప్రకాశం పంతులుగారు రెవెన్యూ మంత్రి. ఆ ఏడే నీల్‌ను మౌంట్ రోడ్డు నుంచి దించి మ్యూజియంకు పంపారు. పగలగొట్టలేదు, కరిగించలేదు, సముద్రంలో పడేయలేదు. ఆ మంత్రివర్గంలో కూర్చున్న మనిషి పేరే ఇవాళ మా బ్యారేజికి ఉంది. నీల్‌ను మ్యూజియంలో పెట్టినందువల్ల 1857 ఎవరూ మర్చిపోలేదు.

ఈ వాదన అంతా మొదట విన్నది మా అన్నయ్య. గుంటూరులో ఉంటాడు, రైల్వేలో చేసి రిటైరయ్యాడు. 2020 జూన్‌లో బ్రిస్టల్‌లో బానిసల వ్యాపారి కోల్‌స్టన్ విగ్రహాన్ని జనం లాగి పడేసి హార్బరులో ముంచారు. ఆ వెంటనే క్లైవ్‌నూ తీసేయాలని ష్రూస్‌బరీలో అర్జీలు మొదలయ్యాయి. లాక్‌డౌన్‌లో ఇంట్లో కూర్చుని రోజూ ఆ వార్తలే చూస్తూ అన్నయ్యకు ఫోన్లో చెబుతుండేదాన్ని. ఓ రోజు విసుక్కున్నాడు.

"ఆ ఊరి విగ్రహం ఆ ఊరివాళ్ల ఇష్టం. మధ్యలో నీకెందుకే అమ్మాయ్?"

అప్పటికి నా దగ్గర మంచి జవాబు లేదు. ఏడాదిన్నర తర్వాత, 2022లో, వాళ్ల గుంటూరులోనే జిన్నా టవర్ గొడవ వచ్చింది. ఆ పేరు మార్చాలని, లేకపోతే కూల్చేస్తామని బయటివాళ్లు వచ్చి మాట్లాడటం, ఊళ్లో టెన్షన్, చివరికి ఫిబ్రవరిలో టవర్‌కు మూడు రంగులు వేసి జెండా ఎగరేయడం. అన్నయ్య ఇల్లు అక్కడికి దగ్గరే. మిఠాయి కొన్నా, చెప్పులు కొన్నా ఆ సెంటర్‌లోనే. చాలా బాధపడ్డాడు.

"చూశావా? ఎక్కడివాళ్లో వచ్చి మా సెంటర్ పేరేంటో మాకు చెబుతున్నారు. నువ్వు ఆ ఇంగ్లండు ఊరికి చేస్తున్నదీ ఇదే" అన్నాడు.

"అది దేశం చీలకముందు కట్టిన టవర్ కదా అన్నయ్యా" అన్నాను, నా సంవత్సరం లెక్క ప్రకారం.

"1940లో లాహోర్ తీర్మానం అయ్యాక కట్టిందే కదే. నీ లెక్క ప్రకారమే చూసినా అప్పటికే పాకిస్తాన్ కావాలంటున్నాడాయన. అయితే తీసేయమంటావా?"

నా దగ్గర మాటల్లేవు. నా కొలబద్ద అక్కడ తడబడింది, ఒప్పుకోవాలి. కొన్నాళ్లు ఆలోచించాను. ఇప్పటికి నాకు తోచింది ఇది. ఆ టవర్ గుంటూరువాళ్లు గుంటూరులో కట్టుకున్నది. హిందువులు, ముస్లింలు ఎనభై ఏళ్లుగా దాని నీడలో బేరాలాడుకుంటున్నారు. ఆ పేరు వాళ్ల నోళ్లలో అరిగి అరిగి ఒక బస్‌స్టాపు పేరైంది. దాన్ని ఉంచుకోవాలో వద్దో వాళ్లే కూర్చుని తేల్చుకోవాలి. క్లైవ్ విషయంలో నేను పూర్తిగా బయటిదాన్ని కాను. ఆయన్ను ఆ దిమ్మె ఎక్కించింది ష్రూస్‌బరీలో రోడ్డేసినందుకో బడి కట్టినందుకో కాదు. ఇక్కడ చేసినదానికి. మా కోటను, మా సీమను, బెంగాల్ ఖజానాను పట్టుకున్నందుకు. ఓటు ఆ ఊరివాళ్లదే. నాకు లేదు, అడగను కూడా. కానీ ఆ మనిషి మా ఇంట్లో ఏం చేశాడో చెప్పే అవకాశం మాకుండాలి. ఈ మాట చెప్తే అన్నయ్య వెంటనే సరే అనలేదు. "చెప్పుకోవడం వరకైతే చెప్పుకో" అన్నాడు. ఆ మాత్రం చాలనుకున్నాను.

2020 జూలైలో ఆ జిల్లా కౌన్సిల్, ష్రాప్‌షైర్ కౌన్సిల్, క్లైవ్ విగ్రహం ఉంచాలనే ఓటు వేసింది. పక్కన వివరాలు చెప్పే బోర్డు పెడదామన్నారు. నన్ను అడిగితే నా మాట సూటిగా చెబుతాను. అది చౌక్‌లోంచి కదలాలి. ఎత్తు దిమ్మె మీద ఉన్న మనిషిని తలెత్తి చూస్తాం. కింద మోకాలి ఎత్తున బోర్డు పెట్టి ఈయన ఇంత చెడ్డ చేశాడని రాస్తే, ఆ రెండింట్లో కంటికి ఆనేది దిమ్మే. గుళ్లో విగ్రహం పెట్టి పక్కన ఈయన దేవుడు కాదని చీటీ అంటించినట్టు ఉంటుంది. మ్యూజియంలో నేల మీద నిలబెడితే ఆయన ముఖం మన ముఖానికి ఎదురుగా ఉంటుంది. పక్క గోడ మీద ఎంతైనా రాయొచ్చు. బ్రిస్టల్‌లో కోల్‌స్టన్ విగ్రహాన్ని నీళ్లలోంచి తీసి, పూసిన రంగులతో సహా మ్యూజియంలో పడుకోబెట్టారు. పడగొట్టిన తీరు నాకు నచ్చలేదు. ఉంచిన తీరు నచ్చింది.

చరిత్రను చెరిపేస్తారా అని అడిగేవాళ్లు మా ఊరి బాపు మ్యూజియం చూడాలి. బందరు రోడ్డు మీదే ఉంది. విక్టోరియా రాణి స్వర్ణోత్సవానికి గుర్తుగా కట్టిన హాలు. విక్టోరియా జూబ్లీ మ్యూజియం అనేవాళ్లం మొన్నమొన్నటిదాకా. 1921లో కాంగ్రెస్ పెద్దలు బెజవాడలో సమావేశమైనప్పుడు పింగళి వెంకయ్యగారు గాంధీజీకి జెండా నమూనా చూపించింది ఆ హాల్లోనే అంటారు. ఆ పింగళి కూడా బందరు దగ్గర భట్లపెనుమర్రులో పుట్టి, బ్రిటిష్ సైన్యంలో చేరి దక్షిణాఫ్రికా దాకా వెళ్లొచ్చినవాడు. రాణి పేరు మారింది. భవనం, రాయి, రప్ప ఉన్నాయి. రాణి కోసం కట్టారన్న సంగతీ చెరిగిపోలేదు, జెండా సంగతీ చెరిగిపోలేదు. పేరు తీయడం వేరు, జ్ఞాపకం తీయడం వేరు అని ఆ భవనం ముందు నిలబడితే తెలుస్తుంది.

ఆ కౌన్సిల్‌ను అడగడానికి ముందు నేను చేయాల్సిన పని ఒకటి మిగిలిపోయింది. మొన్న సంక్రాంతి సెలవుల్లో మా అపార్ట్‌మెంట్ పిల్లలు తొమ్మిది మందిని కొండపల్లి ఖిల్లాకు తీసుకెళ్లాను. పిల్లలకు కొండపల్లి అంటే బొమ్మలే. పైకెక్కి రాజమహలు, గజశాల చూసి, ఇంగ్లిష్ వాళ్ల బ్యారక్‌లు అని చెప్పే గదుల దగ్గర నీడలో కూర్చుని పులిహోర తిన్నాం. బందరు, ఫోర్డ్, ఆ రాత్రి దాడి, 1765 కాగితం, కైలాడ్, అన్నీ కథలా చెప్పాను. ఆరో తరగతి చదివే పిల్లాడు ఒకడు విస్తరాకు అలాగే పట్టుకుని గోడ వైపు చూస్తూ, "అంటే వాళ్లు ఇక్కడ పడుకునేవాళ్లా టీచర్, ఇదే గదిలో?" అని అడిగాడు. అవునన్నాను. వాడు లేచి వెళ్లి గోడకు అరచెయ్యి ఆనించి చూశాడు. ముప్పై రెండేళ్ల సర్వీసులో ప్లాసీ పాఠం చెప్పినప్పుడు ఒక్క పిల్లాడి ముఖంలో కూడా నాకు ఆ చూపు కనిపించలేదు. నల్లబల్ల మీద బెంగాల్ పటం గీసి, ప్లాసీ దగ్గర చుక్క పెట్టి, పరీక్షలో వస్తుంది రాసుకోండి అన్నదాన్ని. బస్సులో గంటన్నర పోతే బందరు కోట. పిల్లల్ని ఒక్కసారి కూడా తీసుకెళ్లలేదు. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

మనవరాలు ఇప్పుడు తొమ్మిదో తరగతి ఈడు పిల్ల. కిందటి నెల వీడియో కాల్‌లో ఈ కథంతా దానికి చెప్పాను, అప్పుడు ఆ చౌక్‌లో తప్పు జవాబిచ్చానని కూడా చెప్పాను. అది కాసేపు ఆలోచించి, "అయితే వాళ్లకి రాద్దాం అమ్మమ్మా" అంది. ఇద్దరం కలిసి ష్రాప్‌షైర్ కౌన్సిల్‌కు ఉత్తరం రాస్తున్నాం. విగ్రహాన్ని మ్యూజియంకు మార్చాలని మా కోరిక, మార్చినా మార్చకపోయినా ఆయన గురించి రాసే ప్రతి చోటా ప్లాసీ పక్కన మా ఊరి పేరు, 1759, 1765 చేర్చాలని మా విన్నపం. నేను తెలుగులో చెబుతుంటే అది ఇంగ్లిష్‌లో టైపు చేస్తోంది.

మూడో పేరా దగ్గర ఆగింది.

"ఏ పేరు రాయను? పాత పుస్తకాల్లో మసూలిపటం అని ఉంది, గూగుల్‌లో మచిలీపట్నం, నువ్వేమో బందరు అంటావు."

మసూలిపటం అనకపోతే వాళ్లకు తెలియదు. మచిలీపట్నం అనకపోతే మ్యాపులో దొరకదు. రెండూ రాయమన్నాను. రాసింది. ఆ తర్వాత తనే కామా పెట్టి మూడోది కూడా చేర్చి, స్క్రీన్ నావైపు తిప్పి చూపించింది.